తొడ మీద ఏడు వాతలు

మా అత్తకు కూర్చుంటే నొప్పి ఉండేది కాదు. లేచి నిలబడితే కుడి తొడ లోపలివైపు నుంచి మోకాలి దాకా పట్టేసేది. ఏడాది పాటు ఆమె మాకు చెప్పింది ఇంతే. ఇంత వివరంగా తన రోగాన్ని తానే చెప్పిన మనిషిని నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు. అప్పుడు మాత్రం, కొడుకు డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళకే ఈమెకు కుంటు మొదలవుతుందేమిటా అని నాలో నేను నవ్వుకునేదాన్ని. ఒకటి రెండుసార్లు ఆమెకు వినబడేలా అన్నాను కూడా.

నేను నర్సుని. పావగడలో, కొండ కిందున్న ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. అందులో తొమ్మిదేళ్ళు ఆపరేషన్ థియేటర్లోనే. హెర్నియా అంటే నాకు కొత్తేమీ కాదు. బొడ్డు దగ్గర ఉబ్బినవి, గజ్జల్లో జారినవి, పాత కుట్ల మీద పొంగినవి, అన్నీ చూశాను. పేగును లోపలికి నెట్టి, మళ్ళీ జారకుండా మెష్ అనే వల వేసి కుట్టేటప్పుడు సూది అందించింది నేనే. ఊళ్ళో వాళ్ళు నన్ను డాక్టరమ్మ అని పిలిస్తే వద్దని ఒక్కనాడూ అనలేదు. ఆ పొగరు గురించి కూడా ఇక్కడ చెప్పాల్సి ఉంది.

మాది బలసముద్రం. నేను పుట్టింది కర్ణాటక సరిహద్దుకు అవతల, ఆంధ్రలోని మడకశిర వైపు. తెలుగులో చదువుకున్నాను. నా మొగుడు చదివింది కన్నడ మీడియం. ఇంట్లో, వీధిలో, పొలంలో అందరం మాట్లాడేది తెలుగే అయినా ఆయనకు తెలుగు అక్షరాలు రావు. మా పెళ్ళి శుభలేఖ మా పుట్టింటివాళ్ళు తెలుగులో వేయిస్తే, ఆయన తన పేరు ఎక్కడుందో నన్నే అడిగి చూసుకున్నాడు. అప్పుడు నవ్వొచ్చింది.

మా ఊరి పొలాల్లోకి సోలారు ప్లాంటు రాకముందు మా అత్త బతుకంతా నేల మీదే గడిచింది. చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేలో కలుపు తీయాలంటే గొంతుక్కూర్చుని, మోకాళ్ళు గడ్డం దాకా తెచ్చుకుని, సాలు వెంట అలాగే జరుగుతూ పోవాలి. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి చేను ఆ చివర లేచేది. కాయలు పీకడం, ఒలవడం, రాలినవి ఏరడం, అంతా కూర్చునే. తర్వాత మా మూడెకరాలూ ప్యానెళ్ళ కిందికి పోయాయి. నా మొగుడికి వల్లూరు వైపు ప్లాంటులో సెక్యూరిటీ ఉద్యోగం దొరికింది. అత్తకు ప్యానెళ్ళు తుడిచే పని దొరికింది. ఆధార్ కార్డులో ఎవరో రాసేసిన వయసు అసలు వయసుకంటే పదేళ్ళు తక్కువ. ఆ తప్పు వల్లే ఆ పని వచ్చిందని ఆమె ముచ్చటపడేది.

ప్యానెళ్ళు తుడవాలంటే నిలబడాలి. పొడుగాటి కర్రకు బ్రష్షు కట్టి, ట్యాంకరు నీళ్ళు పోస్తుంటే, మడమలెత్తి, ఒళ్ళంతా చాచి పైదాకా తోయాలి. అరవై ఎనిమిదేళ్ళు వంగిన మనిషిని ఒక్కసారిగా నిలువునా సాగదీసినట్టయింది. మధ్యలో నొప్పి వస్తే ఆమె ప్యానెల్ నీడకు పోయి, పాత అలవాటుగా మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. రెండు నిమిషాల్లో నొప్పి పోయేది. మళ్ళీ లేచేది. సూపర్వైజరు దాన్ని దొంగవేషం అన్నాడు. నేనూ ఇంచుమించు అదే అన్నాను. కూర్చోగానే మాయమైపోయే నొప్పి ఏ లోకంలో ఉంటుందత్తా అని దెప్పాను. పని మానేయమంటే మానదు, నొప్పి అనడమూ మానదు. మోకాలి చిప్ప అరిగిందని నేనే తేల్చేసి, మా మెడికల్ షాపు నుంచి మాత్రలు తెచ్చి పడేసేదాన్ని. ఒక్కసారి కూడా మంచం మీద పడుకోబెట్టి ఆ కాలును చూడలేదు.

మనిషి చిక్కిపోతోందన్నది మాత్రం చూశాను. పళ్ళు ఊడిపోయాయి. సంకటి ముద్దలో సగం తుంచి నా పళ్ళెంలోకి తోసేసేది. ఒకసారి మా నర్సింగ్ హోమ్‌కు వచ్చినప్పుడు సరదాగా తూకం మీద నిలబెడితే ముప్పై నాలుగు కిలోలు చూపించింది. గొర్రెపిల్లంత బరువున్నానే అని ఆమే నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సన్నదనమే ఆమె ప్రాణం తీస్తుందని ఎవరూ అనుకోలేదు.

మా ఊళ్ళో వాతలు పెట్టే ముసలమ్మ ఒకామె ఉంది. గొర్రెలకూ పెడుతుంది, మనుషులకూ పెడుతుంది. మా అత్తా ఆమే చిన్నప్పటి నుంచి ఒకే సాలులో కలుపు తీసినవాళ్ళు. నేను డ్యూటీలో ఉన్న ఒక రోజు అత్త ఆమె దగ్గరికి పోయింది. నాకు నెల తర్వాత తెలిసింది. తలంటి పోస్తుంటే చీర పక్కకు తొలగి కనబడ్డాయి. కుడి తొడ లోపలివైపు, గజ్జ దగ్గర మొదలై మోకాలి లోపలి అంచు దాకా, ఒకదాని కింద ఒకటి, ఏడు గుండ్రటి మచ్చలు. పసుపు కొమ్మును నూనెలో ముంచి, దీపం మీద కాల్చి అద్దినవి. కింది రెండింటి మీద ఇంకా ఎండిన పక్కు ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది. మా వార్డుకు పసిపిల్లల్ని పొట్ట మీద వాతలతో తెచ్చే తల్లులుంటారు. వాళ్ళను తిట్టినట్టు నేను ఎవరినీ తిట్టను. మా డ్యూటీ డాక్టరు కుర్రాడు అలాంటి కేసు వచ్చినప్పుడల్లా మీ బలసముద్రమేనా సిస్టర్ అని నవ్వుతాడు. ఇప్పుడు నా ఇంట్లోనే! నీళ్ళ చెంబు కింద పెట్టేసి నోరు పారేసుకున్నాను. ఆమె తల నిండా కుంకుడు నురగతో, కళ్ళు మూసుకుని, అంతా విన్నది. చివరకు, ఎప్పటిలా నన్ను పాపా అంటూ, ఒక్క మాట అంది.

"అది యాడ నొప్పని అడిగినాది పాపా. ఏలుతో గీసి సూపియ్యమన్నాది. నేను గీసిన దావంటే పెట్టినాది."

ఆ కోపంతోనే వాతలమ్మ గుమ్మం దాకా పోయి ఆమెనూ దులిపేశాను. ఆమె గొర్రెలకు ఆకు వేస్తూ, తల తిప్పకుండా, మీ డాక్టర్లు యాడ నొప్పని అడిగినారా అని మాత్రం అడిగింది. నేను వచ్చిన దారినే తిరిగాను. డాక్టర్లు అడగకపోవడం కాదు, అసలు అత్తను డాక్టరు దగ్గరికే నేను తీసుకుపోలేదు. ఇంటికొచ్చి మళ్ళీ అత్త మీదే అరిచాను. ఈ మచ్చలు నా నర్సింగ్ హోమ్‌లో ఎవరికైనా కనబడితే నేను ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చోవాలి అన్నాను. ఆమె ఆ మాట గుర్తుపెట్టుకుంది.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో, ఒక ఆదివారం పొద్దున్న ఆమెకు వాంతులు మొదలయ్యాయి. ముందు తిన్నది, తర్వాత పసరు. పొట్ట బిగుసుకుంది. గాలి కూడా పోవడం లేదంది. నా మొగుడి స్కూటర్ మీద ముందు ఆయన, మధ్యలో అత్త, వెనక నేను, అలా పావగడ తీసుకొచ్చాం. దారి పొడుగునా ఆమె కుడి కాలు ముడిచే పెట్టుకుంది. కాలు కిందికి వేలాడేస్తే మూలిగేది. నేను వెనక నుంచి ఆ మోకాలిని పట్టుకుని కూర్చున్నాను.

డ్యూటీ డాక్టరు వచ్చి పొట్ట నొక్కి చూశాడు. ఎక్స్‌రే తీయించాడు. పేగు ఎక్కడో అడ్డుపడిందని తెలుస్తోంది, ఎక్కడో తెలియడం లేదు. కడుపు మీద పాత ఆపరేషన్ కుట్లు లేవు. గజ్జల్లో ఏదైనా ఉబ్బు ఉందేమో చూడాలన్నాడు. ముసలామె సిగ్గుపడుతుందని పక్కకు తిరిగి, సిస్టర్, మీరు చూసి చెప్పండి, తొడలు కూడా చూడండి అన్నాడు.

తెర లాగాను. చీర కుచ్చెళ్ళు కొంచెం సడలించి, పైనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి రెండు గజ్జలూ తడిమాను. ఉబ్బు లేదు. చీర కిందినుంచి ఎత్తలేదు. అత్త నా ముఖం వైపే చూస్తోంది. ఆమె చెయ్యి తొడ మీద చీరను పట్టుకునే ఉంది. నేను ఆ చేతి మీదుగా దుప్పటి కప్పి, రెండు పక్కలా పరుపు కిందికి దోపాను.

ఏమీ లేదు సార్ అన్నాను. కాలు అని అత్త ఏదో చెప్పబోయింది. అది పాతదే సార్, మోకాలి అరుగుదల, అని నేనే మాట అందుకున్నాను. ఆయన కేస్ షీట్ మీద అలాగే రాశాడు.

నన్ను నేను వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు గానీ, చీర ఎత్తి ఉన్నా ఉబ్బు కనబడేది కాదు. కానీ మచ్చలు కనబడేవి. చూసి ఆయన నవ్వి ఉండేవాడు. నవ్వి, ఎందుకు పెట్టించుకున్నావని అడిగి ఉండేవాడు. ఆమె వేలుతో గీసి చూపించేది. ఆ నవ్వుకు భయపడే నేను దుప్పటి దోపాను.

ముక్కులో గొట్టం వేశాం, సెలైన్ ఎక్కించాం. సర్జను మాకు మంగళ, శుక్రవారాల్లో బయటి ఊరి నుంచి వస్తాడు. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్దామా అని నా మొగుడు అడిగాడు. డ్యూటీ డాక్టరు నా వైపు చూశాడు. ఇలాంటివి చాలావరకు గొట్టంతోనే సర్దుకుంటాయి, మంగళవారం దాకా చూద్దాం అన్నాను. నా మొగుడు నా మాట నమ్మాడు. ఇంట్లో ఒళ్ళు బాగోలేకపోతే ఎప్పుడూ నా మాటే నమ్ముతాడు. సోమవారం మధ్యాహ్నానికి కొంచెం తేరుకున్నట్టు కనబడింది కూడా. సాయంత్రానికి గొట్టంలో వచ్చే నీళ్ళ రంగు మారింది. నాకు అప్పుడు భయం పట్టుకుంది.

సర్జను పెద్దవాడు. మాట కటువు. కన్నడ, తెలుగు కలిపి మాట్లాడతాడు. ఆయనకు ఒక అలవాటు. రోగి ఎవరైనా సరే, దుప్పటి మెడ దగ్గర పట్టుకుని పాదాల దాకా ఒక్క లాగు లాగుతాడు. మంగళవారం పొద్దున నేను మంచం పక్కనే నిలబడి ఉండగా అలాగే లాగాడు. చీర పక్కకు తీయించాడు. ఏడు మచ్చలూ బయటపడ్డాయి.

ఆయన నవ్వలేదు. వంగి, కళ్ళజోడు సర్దుకుని, మొదటి మచ్చ మీద వేలు పెట్టాడు. అక్కడినుంచి ఒక్కొక్కదాన్నీ తాకుతూ మోకాలి దాకా వచ్చాడు. కన్నడంలో అవ్వను పిలిచినట్టు అజ్జీ అని పిలిచి, ఇవి ఎందుకు పెట్టించుకున్నావు అని అడిగాడు. ఆమె చెప్పింది. నిలబడితే నొప్పి, కూర్చుంటే లేదు. అంతా చెప్పనిచ్చాడు. తర్వాత ఆ కాలును మెల్లగా చాపి, లోపలివైపుకు తిప్పాడు. ఆమె కేక వార్డంతా వినబడింది. మళ్ళీ మోకాలు ముడిచి పొట్ట వైపుకు తెచ్చాడు.

"ఇట్ల పెడితే సల్లగుండాది సామీ," అంది.

ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. థియేటర్ సిద్ధం చేయమన్నాడు.

రెండో సిస్టరు పెళ్ళికని సెలవులో ఉంది. కాబట్టి చేతులు కడుక్కుని బల్ల పక్కన నిలబడింది నేనే. ఆకుపచ్చ గుడ్డల మధ్య నాకు కనబడుతున్నది మా అత్త పొట్ట ఒక్కటే. నా మొగుణ్ణి మోసినప్పటి చారలు ఇంకా ఉన్నాయి. బొడ్డు కింద నిలువుగా కోశారు. ఉబ్బిన పేగు ముందు బయటికి పొంగింది. దాన్ని తడి గుడ్డలతో పక్కకు పెట్టి, పేగును చేతుల్లో జరుపుకుంటూ కిందికి పోయారు. కటి ఎముక కుడివైపు, ముందు గోడ దగ్గర పేగు ఆగిపోయింది. ఒక మడత ఎముకలోకి దూరిపోయినట్టుంది. మరీ లాగితే చిరుగుతుంది. ఆయన నన్ను గుడ్డల మీదుగానే తొడ మీద, మొదటి వాత ఉన్న చోట, పైకి నొక్కమన్నారు. నేను నొక్కాను. ఆయన లోపల బిగుసుకున్న పొర అంచును రక్తనాళాలు తప్పించి కొంచెం కోశారు. పేగు బయటికొచ్చింది.

దాని మీద చెనిక్కాయ గింజంత నల్లటి మచ్చ. పేగు మొత్తం కూడా కాదు, దాని గోడ ఒక వైపు మాత్రమే ఆ సందులో చిక్కుకుంది. ఆ గింజంత చోటు కుళ్ళి చిల్లు పడటానికి సిద్ధంగా ఉంది. ఎంతసేపటి నుంచి నల్లబడిందో అంటూ ఆయన లోలోపల లెక్కవేసుకుంటున్నారు. ఆదివారం నుంచి అని నాకు తెలుసు. మూరెడు పేగు కోసి తీసి, రెండు కొసలూ కలిపి కుట్టారు.

ఇక ఆ రంధ్రం మూయాలి. పేగు కోసి మురికైన చోట వల పెడితే చీము పడుతుంది. రంధ్రం అంచులు ఎముకకు అతుక్కుని ఉంటాయి, వాటిని దగ్గరకు లాగి కుట్టలేం. చుట్టూ చూసి, ఆయన గర్భసంచిని మెల్లగా కుడివైపుకు లాగారు. వయసుకు ఎండి చిన్నదైపోయింది. దాని పక్క అంచును ఆ రంధ్రం మీదికి తెచ్చి నాలుగు కుట్లు వేశారు. దారం నేనే అందించాను. నా మొగుణ్ణి మోసిన సంచి అది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జారినవి మాస్కులోకి ఇంకిపోయాయి కాబట్టి బతికిపోయాను.

తర్వాత టీ తాగుతూ ఆయన గ్లవ్స్ కవరు వెనక బొమ్మ గీసి చూపించారు. కటి ఎముక ముందు భాగంలో అటొకటి, ఇటొకటి పెద్ద రంధ్రాలుంటాయి. పేరుకే రంధ్రాలు, గట్టి పొర వాటిని కప్పి ఉంచుతుంది. పై మూలలో మాత్రం చిటికెన వేలు దూరేంత సందు వదిలి ఉంటుంది. ఒక నరం, దానితో రక్తనాళాలు ఆ సందులోంచి తొడలోకి దిగుతాయి. మిగతా చోటును కొవ్వు పూడ్చి ఉంచుతుంది. ముసలితనంలో మనిషి బాగా చిక్కిపోతే ఆ కొవ్వు కరిగిపోతుంది, సందు ఖాళీ అవుతుంది, పేగు అందులోకి దూరి నరాన్ని నొక్కుతుంది. ఆ నరం తొడ లోపలివైపు మోకాలి దాకా పోతుంది. కాబట్టి నొప్పి అక్కడ. పైన తొడ కండలు కప్పి ఉంటాయి కాబట్టి ఉబ్బు కనబడదు. కాలు చాపితే బిగుస్తుంది, ముడిస్తే వదులవుతుంది. ఆబ్ట్యురేటర్ హెర్నియా అంటారట. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన చూసింది ఇది మూడోది. మొదటి రెండూ కడుపు కోశాకే తెలిశాయి. కోయకముందే తెలిసింది ఇదొక్కటే, ఆ వాతలు పెట్టినామె నరం ఎక్కడ పోతుందో గీసిచ్చింది అన్నారు.

శుక్రవారం రౌండ్సుకు వచ్చినప్పుడు ఆయన అడగనే అడిగారు. మంచం చుట్టూ నా మొగుడు, డ్యూటీ డాక్టరు, నేను. ఆ మచ్చలు ఆదివారమే ఎవరూ ఎందుకు చూడలేదు, చూసి ఉంటే పేగు కోసే పని ఉండేది కాదు, అన్నారు. డ్యూటీ డాక్టరు నా వైపు తిరిగాడు. చెప్పాలనే అనుకున్నాను. చెప్పడానికి ఊపిరి కూడా తీసుకున్నాను.

"నేనే కప్పుకున్న్యా సామీ," అంది అత్త, కళ్ళు సగం తెరిచి. "సిగ్గయ్యి. పాపకు తెలీదు."

అంత నీరసంలోనూ ఆమె చెయ్యి దుప్పటి మీద నా చేతిని వెతికి పట్టుకుంది. వేళ్ళు కాలిపోతున్నాయి. జ్వరం వచ్చిందని అప్పుడు తెలిసింది. రోగి దాచడం వల్ల ఆలస్యమైందని షీట్‌లో రాయమని సర్జను నాకే చెప్పారు. నేను రాశాను. నా చేతిరాత గుండ్రంగా, అందంగా ఉంటుందని అందరూ అంటారు. ఆ వాక్యం కూడా అలాగే గుండ్రంగా ఉంది.

జ్వరం తగ్గలేదు. లోపలి కుట్టు ఒకచోట వదిలింది. పొట్ట మళ్ళీ బిగుసుకుంది. ఆదివారం మధ్యాహ్నం తుమకూరు తీసుకెళ్ళమన్నారు. అంబులెన్సులో ఆమె తల నా ఒడిలో పెట్టుకున్నాను. మధుగిరి దాటకముందే పోయింది. పోయేటప్పుడు కూడా కుడి మోకాలు ముడుచుకునే ఉంది. ఇంటికి తెచ్చాక దాన్ని చాపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. చూడలేక నేను బయటికి వచ్చేశాను.

ఊరికి ఒక కారణం కావాలి కదా. వాతల వల్ల ఒళ్ళంతా విషం ఎక్కిందని అన్నారు. నా మొగుడు కూడా అదే నమ్మాడు. తొడ మీద ఆ మచ్చలు ఆయన కంటబడింది ఆసుపత్రిలోనే, ఎవరు పెట్టారో తెలిసిందీ అక్కడే. పదకొండో దినం వాతలమ్మ వచ్చింది. ఇస్తరాకు ముందు కూర్చుంది కూడా. నేను అన్నం వడ్డిస్తున్నాను. ఆయన నేరుగా వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"మా అమ్మను కాల్సి సంపినావు. నా ఇంట్లో అన్నం ఎట్ల దిగుతాది నీకు?"

బంతిలో అందరూ చేతులు ఆపేశారు. ఆ ముసలామె ఆయన ముఖం చూసింది, తర్వాత నా ముఖం చూసింది. నా చేతిలో గరిటె ఉంది. నేను పక్క ఇస్తరాకులో అన్నం పెట్టాను. ఆమె చెయ్యి కడుక్కోకుండానే లేచిపోయింది. అన్నంలో ఇంకా చెయ్యే పెట్టలేదు, కడుక్కోవడానికి ఏముంది?

అప్పటి నుంచి ఊళ్ళో ఆమె దగ్గరికి ఎవరూ పోలేదు. గొర్రెలకు కూడా పిలవడం మానేశారు. వాతలు పెట్టడం మంచిదని నేను అనను. ఇప్పటికీ పసిపిల్లలకు పెట్టి తెస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ ఆమె మా అత్తను చంపలేదు. ఊరంతా గాలించినా ఆ నొప్పి ఎక్కడని అడిగింది ఆమె ఒక్కతే.

రెండు నెలలు ఆగి ఆమె ఇంటికి పోయాను. పట్టపగలే పోయాను, ఎవరు చూసినా చూడనీ అనుకుని. గుమ్మంలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. పక్కనే కూర్చుని నేనూ గుప్పెడు తీసుకుని ఒలుస్తూ అంతా చెప్పాను. దుప్పటి గురించి, నేను అందుకున్న మాట గురించి, షీట్‌లో రాసిన వాక్యం గురించి. నువ్వు పెట్టిన చోటు సరిగ్గా పడింది అవ్వా, దాన్ని కప్పింది నేనే, అన్నాను. ఆమె ఒలిచిన గింజలు చేటలోకి పోసి, పొట్టు ఊదింది.

"నాకెందుకు సెప్తాండావు? నీ మొగునికి సెప్పుపో," అంది.

చెప్పలేదు. ఎన్నోసార్లు మొదలుపెట్టాను. ఆయన అన్నం తింటుంటే చెప్పబుద్ధి కాదు, నవ్వుతుంటే చెప్పబుద్ధి కాదు, తల్లి ఫోటోకు దండ వేస్తుంటే అసలే కాదు. నర్సింగ్ హోమ్‌లో మాత్రం సన్నటి ముసలివాళ్ళు ఎవరు వచ్చినా తెర లాగి, చీర పూర్తిగా తీయించి చూస్తున్నాను. కాలు చాపమంటాను, ముడవమంటాను. యాడ నొప్పి, వేలుతో గీయమంటాను. డ్యూటీ డాక్టరు నన్ను చూసి ఇప్పుడు నవ్వడు. మళ్ళీ అలాంటి కేసు ఒక్కటీ రాలేదు.

ఇదంతా ఒక లాంగ్ నోటుబుక్కులో, నాకొచ్చిన తెలుగులో రాస్తున్నాను. నోటితో కాకపోతే చేత్తోనైనా ఒకసారి నిజం రాయాలనిపించింది. మొన్న ఆయనకు వారపు సెలవు. మధ్యాహ్నం భోజనమయ్యాక వచ్చి పక్కన కూర్చుని, ఏం రాస్తున్నావని అడిగాడు. మీ అమ్మ గురించి అన్నాను. ఆయన ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. పేజీ మీద చెయ్యి పెట్టి మెల్లగా నిమిరాడు. ఈడ అమ్మ అని యాడుండాది, చూపించు అన్నాడు.

ఆయన వేలు పట్టుకుని పేజీ మీద పెట్టాను. అత్త నా ముఖం వైపే చూస్తోంది అని రాసిన చోట. దాని కింది వరుసలోనే నేను దుప్పటి దోపడం ఉంది. ఆయన వేలు ఆ వరుస మీదుగా, అక్షరం అక్షరం తాకుతూ, చివరిదాకా పోయింది. కళ్ళు తుడుచుకున్నాడు.

"అంతా రాయి," అన్నాడు. "ఆ వాతల ముసిల్ది సేసింది ఒక్కటీ ఇడిసిపెట్టొద్దు."

రాశాను అన్నాను.